మెడ మీది నలుపు రుద్దితే పోదు

మెడ వెనక నల్లటి పట్టీలా వచ్చింది, ఎంత రుద్దినా పోవడం లేదు, పరగడుపు షుగర్ మామూలుగానే ఉంది, అయినా ఇది షుగర్ వ్యాధికి సూచనేనా అని అడిగారు. కావచ్చు. నా విషయంలో అదే అయింది.

రెండేళ్లకు పైగా నేనూ రుద్దాను. సబ్బులు మార్చాను, పీచు మార్చాను, తెల్లబరుస్తాయన్న క్రీములూ పూశాను. చర్మం మండిందే తప్ప నలుపు తగ్గలేదు. రాపిడితో అది ఇంకా ముదురుతుందని అప్పట్లో తెలియదు. చివరికి చంకలో వేలాడే చిన్న చిన్న పులిపిర్లు తీయించుకుందామని చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్తే, ఆవిడ వాటి సంగతి పక్కనపెట్టి నా మెడను వేలితో తడిమి చూశారు. ‘మఖమల్ గుడ్డలా దళసరిగా ఉంది, గమనించారా?’ అన్నారు. దాని పేరు అకాంతోసిస్ నైగ్రికాన్స్ అట. పులిపిర్లు కూడా తరచూ దాని వెంటే వస్తాయట.

కణాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించనప్పుడు క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేస్తుంది. రక్తంలో మోతాదు మించిన ఆ ఇన్సులిన్ చర్మకణాలను కూడా పురికొల్పి, అవసరానికి మించి పెంచుతుంది. మెడ, చంకలు, గజ్జలు, కొందరికి వేళ్ల కణుపులు నల్లబడి దళసరెక్కేది అందుకే. అది పట్టిన మురికి కాదు, పెరిగిన చర్మం. ఇక పీచు ఏం చేస్తుంది?

పరగడుపు షుగర్ చూసి నిశ్చింతగా ఉండడమే నేను చేసిన పెద్ద పొరపాటు. క్లోమం అదనపు శ్రమతో నెట్టుకొస్తున్నన్నాళ్లూ ఆ అంకె బాగానే కనిపిస్తుంది. నాది 96. గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో మాత్రం, అదే రోజు 6.1 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగర్ వ్యాధికి ముందు దశ. మీరూ ఆ పరీక్ష చేయించుకోండి.

తర్వాత నేను చేసినవి మామూలు పనులే: తీపి పానీయాలు మానేశాను, తిన్నాక నడిచాను, వారానికి రెండు రోజులు బరువులు ఎత్తాను. ఎనిమిది నెలల్లో 84 కిలోల నుంచి 77కి వచ్చాను. ముందుగా మారింది రంగు కాదు, స్పర్శ. మెడ మెత్తబడింది. నలుపు ఆ తర్వాత నెమ్మదిగా పలచబడింది, ఇంకా కొద్దిగా ఉంది. వైద్యురాలు ఇచ్చిన క్రీము కొంత సాయపడింది కానీ, బరువు తగ్గకుండా దానివల్ల ఒరిగేది తక్కువే అని ఆవిడే ముందు చెప్పారు.

నలుపంతా ఇన్సులిన్ వల్లే అనుకోకండి. స్టెరాయిడ్ల వంటి కొన్ని మందుల వల్లా రావచ్చు, కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగానూ వస్తుంది. ఆడవారిలో నెలసరి కూడా క్రమం తప్పుతుంటే పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉందేమో చూపించుకోవాలి. ఉన్నట్టుండి వచ్చి, నోటికీ అరచేతులకూ పాకుతూ, కారణం లేకుండా బరువు తగ్గుతుంటే మాత్రం ఆలస్యం చేయవద్దు. అరుదుగానే అయినా, అది లోపలి క్యాన్సర్‌కు గుర్తు కావచ్చు.

ఇది పిల్లలకూ వస్తుంది. పన్నెండేళ్ల మా అక్క కొడుకును, మెడ సరిగా కడుక్కోవని అందరం కోప్పడేవాళ్లం. అందరికంటే ఎక్కువ కోప్పడింది నేనే. నా రిపోర్టులు వచ్చిన వారానికే వాడినీ పరీక్షకు తీసుకెళ్లాం.