పడవెక్కితే కుడి ఎడమలు ఉండవా?

ప్రశ్న: మా మేనల్లుడు మర్చంట్ నేవీలో చేరాడండి. సెలవలకొచ్చి మన రేవు దాటించే పంటు పడవ ఎక్కినా సరే "మావయ్యా, పోర్ట్ సైడ్‌కి జరుగు" అంటాడు. ఎడంపక్క అంటే సరిపోదా? – సఖినేటిపల్లి నుంచి ఓ పాఠకుడు

జవాబు: ఫోజు కొడుతున్నాడనుకోకండి, అలవాటైపోయి ఉంటది పాపం. పంటు మీద మీరు నరసాపురం వైపు తిరిగి నించున్నారు, మీకెదురుగా ఒకాయన సైకిలు పట్టుకుని సఖినేటిపల్లి వైపు చూస్తా నించున్నాడు అనుకోండి, మీ ఎడమ ఆయనకి కుడి కదా. వశిష్ఠ గోదావరిలో అయితే నవ్వుకుని ఊరుకుంటాం, అదే సముద్రంలో హోరుగాలిలో "ఎడంపక్క తాడు లాగండ్రా" అని అరిస్తే తలోవైపు లాగుతారు, ఇంకేముంది. అందుకే మనిషి ఎటు తిరిగినా మారకుండా పేర్లు పడవకే పెట్టేశారు. పడవ ముందుకొస బౌ, వెనక భాగం స్టెర్న్, బౌ వైపు మొహం పెట్టి నించుంటే ఎడంచేతి వైపు పోర్ట్, కుడిచేతి వైపు స్టార్‌బోర్డ్.

స్టార్ అన్నారని చుక్కలు వెతక్కండి, అది స్టీర్, అంటే తిప్పడం. వెనకటి రోజుల్లో యూరప్ పడవలకి చుక్కాని వెనక మధ్యలో ఉండేది కాదు, కుడిపక్కన పెద్ద తెడ్డు కట్టి దాంతో తిప్పేవోళ్ళు. అది గట్టుకి కొట్టుకుని విరక్కుండా ఎడంపక్కని రేవుకి ఆనించి సరుకు ఎక్కించేవోళ్ళు, అలా రేవు వైపుది పోర్ట్ అయింది. అంతకుముందు దాన్ని లార్‌బోర్డ్ అనేవోళ్ళు, గాలిలో రెండు పేర్లూ ఒకేలా వినబడి తికమకవుతుందని బ్రిటిష్ నేవీ 1844లో తీసేసింది. మంచిపనే చేసింది. రాత్రిపూట పోర్ట్ వైపు ఎర్ర లైటు, స్టార్‌బోర్డ్ వైపు పచ్చ లైటు వెలుగుతాయి. ఎదరొచ్చే పడవ లైట్లు రెండూ మనకి కనబడుతున్నాయంటే అది సూటిగా మన మీదకే వస్తుందన్నమాట!

ప్రశ్న: మా నాన్నది ఫైబర్ బోటు. దీనికి చుక్కాని ఏదంటే ఇంజనే అంటారు, నిజమా? టిల్లర్ అని కూడా అంటుంటారు, టిల్లరంటే పొలం దున్నేది కదండీ? – యానాం నుంచి డిగ్రీ విద్యార్థిని

జవాబు: నాన్నగారు కరెక్టేనమ్మా. తెడ్డేమో నీళ్ళని వెనక్కి తోసి పడవని నడుపుతుంది, చుక్కాని తిప్పుతుంది అంతే, అదీ నీళ్ళు దాని పక్కనుంచి పారుతుంటేనే. నిలబడిపోయిన పడవలో చుక్కాని ఎంత తిప్పినా దండగ. మీ బోటుకి ఇంజనుతో పాటు ఫ్యానే పక్కకి తిరుగుతుంది కాబట్టి వేరే చుక్కాని అక్కర్లేదు. ఇక పడవలో టిల్లరంటే చుక్కానిని తిప్పడానికి చేత్తో పట్టుకునే కర్ర. మీ ఇంజను హ్యాండిలు చేసేదీ ఆ పనే, కాకపోతే అన్నీ తిరగేసి పనిచేస్తాయి. ఓసారి కోరంగి మడ అడవుల్లో సరదాకి నా చేతికిచ్చారు, కుడికి పోదామని హ్యాండిలు కుడికి తోశాను, పడవ శుభ్రంగా ఎడమకి పోయి మడచెట్ల వేళ్ళల్లో దూరింది. పడవ నడిపే సరంగు ఒక్కమాట అనలేదు, బీడీ ఆర్పి చెవిలో పెట్టుకుని, గెడ తీసి వెనక్కి నెట్టాడు. ఆయన తిడితేనే బాగుండేది.

ప్రశ్న: గన్‌వేల్, కీల్, బిల్జ్, ఈ మూడూ ఏంటండి? – రాజమండ్రి నుంచి ఒకరు

జవాబు: మొదటిదాన్ని రాసినట్టు చదవకూడదు, గన్నెల్ అనాలి. పడవెక్కేటప్పుడు చెయ్యేసి పట్టుకుంటామే, ఆ పై అంచు. యుద్ధ ఓడల్లో తుపాకులు దానిమీద ఆనించేవోళ్ళట, అందుకే ఆ పేరు. కీల్ చూడాలంటే తాళ్లరేవు వైపు చెక్కపడవ కట్టేచోటికెళ్ళండి, అడుగున ఈ కొస నుంచి ఆ కొసకి వెన్నెముకలా పొడుగాటి దుంగ, దానికి పక్కటెముకల్లా వంపు కర్రలు, వాటిమీద పలకలు, పలకల సందుల్లో దూది కుక్కుతా కూర్చున్న ముసలాయన, పొద్దంతా టకటకా ఒకటే సుత్తి చప్పుడు. బిల్జ్ అంటే లోపల అట్టడుగున నీళ్ళు చేరే చోటు. పెద్ద ఓడల్లో ఆ నీళ్ళు తోడటానికి పంపు ఉంటది, మన పడవల్లో పాత పెయింటు డబ్బా ఉంటది.