నిరీక్షణ అంటే ఎదురుచూడడమే

చిరంజీవి అబ్బాయికి ప్రభువు నామమున శుభములు కోరుతూ అత్తయ్య రాయునది.

నీ ఉత్తరం అందింది. కోడలుపిల్ల పోయి నాలుగు నెలలైనా మోకరించిన ప్రతిసారీ నోట మాట రావడం లేదనీ, ఆదరణ కూడికలో ఒక పెద్దాయన “ఏడవకు బాబూ, మనం నిరీక్షణ లేనివాళ్లం కాదు” అన్న నాటినుంచి ఏడవడానికి కూడా సిగ్గేస్తోందనీ రాశావు. ముందు ఆ మాట సంగతి చూద్దాం. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు, నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దన్నాడే గాని అసలు దుఃఖపడవద్దని అనలేదు. ఇంకాసేపట్లో లాజరును సమాధిలోనుంచి పిలవబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. ఆ పెద్దాయన చెడ్డవాడై అన్న మాట కాదులే, ఏమనాలో తోచక అని ఉంటాడు. అన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు కూడా ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నంతసేపూ మంచివాళ్లే.

మీ పెద్దబావ పోయినప్పుడు నువ్వు రెండో తరగతి చదువుతున్నావు, నీకు గుర్తుండకపోవచ్చు. వాడి చెప్పులు గుమ్మం పక్కన ఏడాదిపాటు అలాగే ఉన్నాయి. రోజూ పొద్దున వాటిని చేత్తో ఎత్తి, కింద ఊడ్చి, మడమలు గోడవైపు ఉండేలా, వాడు విడిచినట్టే మళ్లీ పెట్టేదాన్ని. ఆ రోజుల్లో స్తుతి కీర్తన ఏది తెరిచినా నాకు కోపం వచ్చేది. ఒక రాత్రి పేజీలు తిప్పుతుంటే ఎనభై ఎనిమిదో కీర్తన కంటపడింది. “చీకటియే నాకు బంధువర్గమాయెను” అన్న మాటతో అది ఆగిపోతుంది. తరువాత ఒక్క ఆదరణ మాటైనా, ఒక్క స్తోత్రమైనా లేదు. ఇంత నల్లటి మాటను కూడా దేవుడు తన గ్రంథంలోనుంచి తీసివేయించలేదు గదా అని తోచిన ఆ రాత్రి, నెలల తరువాత మొదటిసారిగా నాకు కాస్త నిద్ర పట్టింది.

అందుచేత నేను చెప్పేదేమిటంటే, నీకు మాటలు రాకపోతే ఆ కీర్తనలు రాసినవాళ్ల మాటలు తీసుకో. పదమూడో కీర్తన ఆరే వచనాలు. “ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు” అని మొదలవుతుంది. పాప నిద్రపోయాక, నీ చెవికి వినబడేటంత గొంతుతో చదువు. చివరి రెండు వచనాల్లో దావీదు సంతోషం దగ్గరకు వస్తాడు. అక్కడిదాకా వెళ్లడానికి మనసు రాని రోజున నాలుగో వచనం దగ్గరే పుస్తకం మూసెయ్యి, తప్పులేదు. దేవుణ్ణి నిలదీస్తే విశ్వాసం పోయినట్టేనని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు గాని, ఇంకా ఆయన వింటాడన్న నమ్మకం ఏ మూలనో ఉన్నవాడే ఆయనను నిలదీస్తాడని నా అనుభవం.

నిరీక్షణ అన్న మాటనే చూడు. మామూలు తెలుగులో దానికి ఎదురుచూడడమని అర్థం. గుడిలో ఆ మాటను ధైర్యం, సంబరం, గట్టిగా పాడే పాట అన్నట్టు వాడి వాడి, అందులోని ఎదురుచూపును మనమే పోగొట్టుకున్నాం. ఎదురుచూసేవాడి చేతిలో ఇంకా ఏమీ ఉండదు, వాడు చేసేదల్లా గుమ్మం వదిలి వెళ్లకపోవడమే. ఇప్పుడు నీకు చేతనైనదీ, ప్రభువు నిన్ను అడుగుతున్నదీ అంతేనని నా నమ్మకం.

మన ఒంగోలు వైపు ఎవరు ఓదార్చడానికి వచ్చినా ప్రార్థన కొండ కథ ఎత్తుకుంటారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీలైన జూయెట్ దంపతులు, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండమీద ప్రార్థించారనీ, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారనీ చెబుతారు. నిజమే. కాని నీ భార్య బ్రతకాలని నువ్వు చేసిన ప్రార్థనకు నువ్వు కోరిన జవాబు రాలేదు. అలాంటి వాడికి జవాబు వచ్చిన కథ చెబితే పుండుమీద కారం చల్లినట్టే ఉంటుంది. నేనైతే ఆ కథలో నడిమి భాగమే చెబుతాను: కొండమీద ప్రార్థించిన తరువాత ఒంగోలుకు మిషనరీ క్లౌ దొర వచ్చి పని మొదలుపెట్టింది 1866లో. ఆ పన్నెండేళ్లూ వాళ్లు ఎదురుచూస్తూనే ఉన్నారు.

ఇక నీ ఒంటి సంగతి. ఏలీయా ప్రవక్త చావు కోరుకొని బదరీ చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత ప్రసంగం చేయలేదు. నిప్పులమీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టి, రెండుసార్లు తట్టి లేపి తినమన్నాడు. నువ్వు రాత్రిపూట అన్నం మానేశావని మీ అమ్మ చెప్పింది. పాపతో కలిసి కూర్చుని నాలుగు ముద్దలైనా తిను. వరుసగా నిద్ర లేకపోయినా, బ్రతకడం ఎందుకన్న ఆలోచన పదేపదే వస్తున్నా డాక్టరు దగ్గరకు వెళ్లు. ఏ అర్ధరాత్రయినా 14416కి ఫోన్ చేస్తే, మనసు బాగోలేనివాళ్లకోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. అది విశ్వాసలోపం కాదు. నాకూ ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా తీస్తాను.

గుడికి వెళ్లలేకపోతున్న కారణం నువ్వు రాయలేదు గాని నాకు తెలుసు. ఆడవాళ్ల వైపు, కిటికీ పక్కన ఆమె కూర్చునే చోటికి నీ కళ్లు వెళ్తాయి. మొదటి పాట అయ్యాక వెళ్లి, గుమ్మం దగ్గర కూర్చుని, ఆశీర్వాదం కాకముందే లేచి వచ్చెయ్యి. సాక్ష్యం చెప్పమని ఎవరైనా బలవంతపెడితే ఇప్పుడు కాదని చెప్పు. పాడాలన్న నియమం కూడా పెట్టుకోకు. నేను ఆరు నెలలు పెదవి విప్పలేదు. చుట్టూ ఉన్నవాళ్లు పాడుతుంటే, నా వంతు కూడా వాళ్లే పాడుతున్నారని అనుకుని ఊరుకున్నాను.

ఈస్టరు తెల్లవారుజామున మనవాళ్లు కొవ్వొత్తులతో సమాధుల తోటకు వెళ్తారు గదా, ఈసారి అక్కడికి వెళ్లలేనని రాశావు. ఆ గుంపులో వెళ్లనక్కరలేదు. ముందురోజు శనివారం సాయంత్రం బస్సుకు నేను వస్తాను. సున్నం మీ బావ సమాధికని ఎలాగూ కొంటాను, రెండింటికీ సరిపడా కొంటాను. పాప చేతికి చిన్న కుంచె ఒకటి ఇద్దాం, పాత గౌను వేసి తీసుకురా.

ప్రేమతో,
అత్తయ్య