అబ్బాయి ఆట కన్నా మీ నోటుపుస్తకమే నన్ను కలవరపెట్టింది

డాలస్ దగ్గర స్థిరపడిన ఒక తండ్రి రాసిన ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను. "మా అబ్బాయి కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతాడు. కార్నర్‌బ్యాక్, అంటే ప్రత్యర్థి పాసులు అందుకునేవాళ్లను కాచేవాడు. ఇది మూడో ఏడాది. సెప్టెంబరులో ప్రత్యర్థుల పాసులు మూడు అందుకున్నాడు, అందరూ మెచ్చుకున్నారు. అక్టోబరులో రెండు ఆటల్లో ప్రత్యర్థులు వాడిని దాటుకునే బంతిని గీత దాటించి టచ్‌డౌన్లు చేశారు. ప్రతి ఆటా చూసి తప్పులన్నీ నోటుపుస్తకంలో రాసి వాడికి పంపుతున్నాను. వాడేమో ఇప్పుడే ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌కు వెళ్తానంటున్నాడు. తెలిసిన ఏజెంటు, ఆటగాళ్లు కాలేజీ మారడానికి పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా పెద్ద కాలేజీకి మారమంటున్నారు. మా బంధువుల పిల్లలందరూ కంప్యూటర్ సైన్స్‌లో ఉన్నారు. ఏది మంచిది?"

అయ్యా, మీరు పైకి అడిగింది డ్రాఫ్టా, పోర్టలా అని. కానీ బంధువుల పిల్లల గురించి రాసిన ఆ ఒక్క వాక్యంలోనే మీ అసలు దిగులు ఉంది. కొడుకును ఈ దారిలోకి పంపి తప్పు చేశానేమో అని మీ భయం. సంగీతం నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులూ, టెన్నిస్ ఆడే పిల్లల తల్లిదండ్రులూ నన్ను ఇదే అడుగుతుంటారు. మీరు తప్పు చేయలేదు. మూడో ఏడాదికే జట్టులో నిలబడి ఆడుతున్నాడంటే ఆ వెనుక ఎన్ని తెల్లవారుజాముల కష్టం ఉందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక ఆటలో ఎగుడుదిగుళ్ల సంగతి. కార్నర్‌బ్యాక్ పనే అలాంటిది. ఎటు మలుపు తిరగాలో పాస్ అందుకునే రిసీవర్‌కు ముందే తెలుసు, మీ అబ్బాయికి తెలియదు. వెనక్కి పరుగెడుతూనే నడుము తిప్పి అతణ్ణి అందుకోవాలి. ముందు వరుసలో ఆడేవాడి పొరపాటు గుంపులో కలిసిపోతుంది, కార్నర్ పొరపాటు మాత్రం స్టేడియమంతా చూస్తుంది. అందుకే సెప్టెంబరు మూడింటినీ, అక్టోబరు రెండింటినీ మీరు చూసినంత పెద్దవిగా నేను చూడను. మీ ఊరి కౌబాయ్స్ జట్టులో ట్రెవాన్ డిగ్స్ 2021లో 11 ఇంటర్‌సెప్షన్లతో (ప్రత్యర్థి పాసులను తానే అందుకోవడం) లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచాడు. అదే ఏడాది తను కాచిన రిసీవర్లకు పాసుల మీద 1000 గజాలకు పైగా ఇచ్చుకున్నాడు కూడా. డెరెక్ స్టింగ్లీ అనే మరో కార్నర్ లూసియానా స్టేట్ యూనివర్సిటీలో చేరిన మొదటి ఏడాదే, 2019లో, ఆరు ఇంటర్‌సెప్షన్లు చేశాడు. తర్వాతి రెండేళ్లు గాయాలతోనే గడిచాయి, ఒక్క ఇంటర్‌సెప్షనూ లేదు. అయినా 2022లో హ్యూస్టన్ టెక్సన్స్ అతణ్ణి డ్రాఫ్ట్‌లో మూడో ఎంపికగా తీసుకుంది. 2024లో లీగ్‌లో ఆ ఏడాది మేటి ఆటగాళ్ల జాబితా అయిన ఆల్‌ప్రో మొదటి జట్టులోకి వచ్చాడు. దీనికి తలకిందుల కథా ఉంది. 2020లో అదే మూడో స్థానంలో డెట్రాయిట్ జట్టుకు వెళ్లిన కార్నర్ జెఫ్ ఒకుడాకు గాయాలు తోడై అక్కడ కుదురుకోవడమే కష్టమైంది, 2023లో అట్లాంటా జట్టుకు పంపేశారు.

అక్టోబరు వీడియోల్లో మీరు చూడాల్సింది వేరే ఉంది. అబ్బాయి వేగం చాలక వెనకబడ్డాడా, లేక కంగారుపడి రిసీవర్‌ను చేత్తో పట్టుకున్నాడా? పాస్‌ను అక్రమంగా అడ్డుకుంటే కాలేజీ ఆటలో శిక్ష మహా అయితే 15 గజాలు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తప్పు జరిగిన చోటే బంతి పెడతారు, అది 40 గజాల దూరమైనా సరే. అక్కడ ఆట మొదలైన గీత నుంచి అయిదు గజాలు దాటాక రిసీవర్‌ను నెట్టినా తప్పే. చేతులతో నెట్టుకొచ్చే కార్నర్‌కు అక్కడ చోటు దొరకడం కష్టం.

పోర్టల్ గురించి నా అనుమానం దాచుకోను. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరును ప్రకటనల వంటివాటికి ఇచ్చి సంపాదించుకోవచ్చు, 2025 నుంచి కాలేజీలే నేరుగా చెల్లిస్తున్నాయి. డబ్బు నిజమే. కానీ ఒక్కో కోచ్‌ది ఒక్కో పద్ధతి. మనిషికి మనిషిని కాపలా పెట్టే జట్టులో నేర్చుకున్నవాడు, చోటును కాచే జట్టుకు వెళ్తే సంకేతాల దగ్గర నుంచీ మళ్లీ మొదలుపెట్టాలి. పైగా క్రెడిట్లన్నీ కొత్త కాలేజీ ఒప్పుకోకపోతే పట్టా వెనక్కి పోతుంది. అందరూ వెళ్తున్నారని వెళ్లి, ఎక్కడా వేళ్లూనుకోలేక అలసిపోయిన పిల్లలతో నేను మాట్లాడాను. మారమన్న ఏజెంటుకు ఇందులో వాటా ఎంతో ముందు అడగండి.

డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లు. 2025లో దేశం మొత్తం మీద ఎంపికైనవారు 257 మంది. అర్హులైన కాలేజీ ఆటగాళ్లలో ఎన్‌ఎఫ్‌ఎల్‌కు చేరేది నూటికి ఇద్దరు కూడా కారని కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ లెక్క. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని మాల్కమ్ బట్లర్ 2015లో ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్‌బౌల్‌నే గెలిపించాడు, నిజమే. ఆ ఆట తలచుకుంటే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. అయినా దాన్ని నమ్ముకుని ఒక కుర్రాణ్ణి ఏడాది ముందే బయటికి పంపమని చెప్పలేను. ఎన్‌ఎఫ్‌ఎల్‌కు ఒక సలహా సంఘం ఉంది. కాలేజీ ద్వారా అడిగితే మొదటి రౌండా, రెండో రౌండా, కాలేజీలోనే ఉండాలా అన్నది చెబుతుంది. ఉండమంటే ఉండాలి. జనవరి గడువు దాటాక వెనక్కి రావడానికి దారి ఉండదు.

ఇప్పుడు మీకు నచ్చని మాట. ఆ నోటుపుస్తకం పంపడం ఆపండి. కార్నర్ ఒక పొరపాటు చేశాక బంతి మళ్లీ కదలడానికి మహా అయితే 40 సెకన్లు, అంతలో దాన్ని మరిచిపోవాలి. శనివారం అతను కష్టపడి మరిచినదాన్ని ఆదివారం ఉదయం మీరు రాసి పంపుతున్నారు. ఆ తప్పులు అతనికి తెలియనివా? కోచ్‌లు వీడియో ఆపి ఆపి చూపించే ఉంటారు. అక్టోబరులో అతను తడబడటానికి మీ ఉత్తరాలూ ఒక కారణమేమో ఒక్కసారి ఆలోచించండి. కోపంతో అనడం లేదు. ఆ పుస్తకంలో మీ ప్రేమ ఉందని తెలిసే అంటున్నాను.

ఇంకొకటి గమనించాను. మీ ఉత్తరంలో ఆటల వివరాలన్నీ ఉన్నాయి, అబ్బాయి ఏ డిగ్రీ చదువుతున్నాడో ఒక్క ముక్క లేదు. బంధువుల పిల్లల చదువు గుర్తుంది, మీ పిల్లవాడిది రాయలేదు. ఇంకో ఏడాది అక్కడే ఆడి, పట్టా చేతికొచ్చాక డ్రాఫ్ట్‌కు వెళ్లమన్నది ఈరోజుకు నా సలహా. సంఘం అభిప్రాయం కోసం కోచ్‌ను అడగమని అబ్బాయికి చెప్పండి. పట్టాకు ఇంకెన్ని క్రెడిట్లు మిగిలాయో కనుక్కోండి. ఆ రెండు జవాబులూ వచ్చాక మళ్లీ రాయండి, ఈసారి అబ్బాయినే రాయమనండి.