గది పూర్తయింది, డబ్బు అయిపోయింది: వైరింగ్‌కు డైలీ ఫైనాన్స్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. పైడిభీమవరంలో ఫార్మా ఉద్యోగం, జీతం 32,000, ఇంటి ఖర్చు 22,000. దాచుకున్న 4 లక్షల్లో 3,75,000 పెట్టి ఇంటి వెనక శ్లాబు గది వేశాం. ప్లాస్టరింగ్ మిగిలింది. కొత్త లైను వైరింగ్‌కు 32,000 ఎస్టిమేట్ ఇచ్చారు, అందులో అలంకార లైట్లకు 9,000. ఏసీ, గీజరుకు మరో 48,000. డైలీ ఫైనాన్స్‌లో 60,000 తీసుకుని, ఉన్న 25,000 కలిపితే సరిపోతుందా? లేక పాత గది ప్లగ్ నుంచే లైను లాగేయమంటారా?

జవాబు: రెండూ వద్దు. డైలీ ఫైనాన్స్ వాళ్లు 60,000 రాసుకుని చేతికి 54,000 ఇస్తారు, రోజుకు 600 చొప్పున 100 రోజులు కట్టించుకుంటారు. ఏడాది లెక్కన అది 75 శాతం దాటిన వడ్డీ. నెలకు 18,000 కట్టాలి, మీకు మిగిలేది 10,000. మిగతా 8,000 ఎక్కడి నుంచి తెస్తారు? ఇంకో అప్పు నుంచే. ఇంత తేలికైన లెక్క వేసుకోకుండా సంతకం పెట్టకండి.

అసలు పొరపాటు గది మొదలుపెట్టిన రోజే జరిగింది. ఆరు నెలల ఖర్చు 1,32,000 పక్కన పెట్టి, మిగిలిన 2,68,000కు ఎంత పని జరిగితే అంతే చేయించాల్సింది. ఇల్లు కట్టే చాలామంది అత్యవసర నిధిని సిమెంటు, ఇసుక ఖాతాలో కలిపేస్తారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో ఎన్నో ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. అలాంటి వారంలో చేతిలో డబ్బు లేనివాళ్లే వడ్డీ ఎంతని అడగకుండా అప్పు తెచ్చుకుంటారు. మీ జిల్లాలో ఈ నిధి లేకుండా ఒక్క తుపాను సీజను కూడా గడపకూడదు. ఆ 25,000 ముట్టుకోవద్దు.

ఇక పాత ప్లగ్ సంగతి. ఒకటిన్నర టన్ను ఏసీ సుమారు 8 ఆంపియర్లు, 2 కిలోవాట్ల గీజరు 9 ఆంపియర్లు లాగుతాయి. పాత లైనుకు ఇవి తోడైతే ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్చి, పదేపదే పడిపోతుంది. విసుగొచ్చి 16 ఆంపియర్లది తీసి 32 ఆంపియర్లది వేయిస్తారు. ఇక ఎంసీబీ పడదు, గోడలోని వైరు వేడెక్కి పైతొడుగు కరుగుతుంది.

గోడ పగలగొట్టకుండా తర్వాత చేయలేనివి మాత్రం ప్లాస్టరింగ్‌కు ముందే చేయించండి. మెయిన్ నుంచి కొత్త డీబీకి (గదిలోని లైన్లు విడిపోయే పెట్టెకు) 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, అటు మెయిన్ దగ్గర 32 ఆంపియర్ల ఎంసీబీ. డీబీ నుంచి ఏసీకి, గీజరుకు వేరువేరుగా 4 స్క్వేర్ ఎంఎం, ఒక్కోదానికి 20 ఆంపియర్ల ఎంసీబీ. వాషింగ్ మెషీన్‌కు 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ. ప్రతి లైను వెంట ఆకుపచ్చ ఎర్త్ వైరు, డీబీలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైను ఆపి షాక్ నుంచి కాపాడే స్విచ్చి. కొత్త న్యూట్రల్‌ను పాత న్యూట్రల్‌తో ఎక్కడా కలపనివ్వకండి. కలిపితే ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుంది, చివరికి దాన్నే తీసేస్తారు. డీబీ నుంచి ఏసీ 12 మీటర్లు, గీజరు 9 మీటర్ల దూరంలో ఉంటే, 4 స్క్వేర్ ఎంఎం వైరు ఫేజ్‌కు 25, న్యూట్రల్‌కు 25 మీటర్లు చాలు. 90 మీటర్ల కాయిళ్లు రెండు కొనకుండా, మీటరు లెక్కన కోసి ఇచ్చే షాపులో తీసుకోండి.

అలంకార లైట్లు తీసేస్తే వైరింగ్ 23,000. అంటే రెండున్నర నెలల మిగులు. అప్పటిదాకా ప్లాస్టరింగ్ ఆపండి. ఆ తర్వాత ఉన్న 25,000కు నెలకు 10,000 చొప్పున కలుపుతూ పోతే పదకొండు నెలల్లో నిధి 1,32,000 దాటుతుంది. ఏసీ, గీజరు ఆ తర్వాతే. తప్పనిసరైతే బ్యాంకులో బంగారం మీద చిన్న మొత్తం, అంతకు మించి వద్దు.

ఏసీ బిగించేముందు మీ కరెంటు పంపిణీ సంస్థ ఏపీఈపీడీసీఎల్‌లో అదనపు లోడుకు దరఖాస్తు పెట్టండి. గృహ బీమా ఉంటే కొత్త గది విస్తీర్ణం కలిపించండి. భారత్ గృహ రక్ష పాలసీలో షార్ట్ సర్క్యూట్‌తో కాలిన పరికరానికి పరిహారం రాదు, దాని నుంచి మంటలు వ్యాపించి ఇంటికి జరిగిన నష్టానికే వస్తుంది.