నాన్నకి షుగర్ ఉంటే నాకూ వచ్చేస్తుందా?

"నాన్నకి షుగర్ ఉంది, జీన్స్‌లోనే ఉన్నప్పుడు ఇక తిండి, నిద్ర మార్చుకుని లాభమేంటి" అని అడిగారు కదా, నేనూ అచ్చం ఇలాగే అనుకుని కొన్నేళ్లు టెస్టే చేయించుకోలేదు. మా నాన్నకి, నానమ్మకి ఇద్దరికీ షుగరే. చివరికి 34 ఏళ్లప్పుడు చేయిస్తే, రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది (5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్ అంటే షుగర్‌కి ముందు మెట్టు, 6.5 నుంచి షుగర్ కిందే లెక్క).

భయపడి ముందు తిండి మీద పడ్డా. తీపి బంద్, కూల్‌డ్రింకులు బంద్, మూడు నెలలు నోరు కట్టేసుకుంటే 6.1కి దిగింది, అంతే! ఒళ్లు మండిపోయింది. మా తమ్ముడేమో ఏది పడితే అది తింటాడు, వాడి రిపోర్ట్ ఎప్పుడూ నార్మలే. ఒకే అమ్మానాన్నలకి పుట్టినా జీన్స్ సగటున సగమే కలుస్తాయట, వాడికి మంచి సగం పడినట్టుంది.

తర్వాత వేరే డాక్టర్ దగ్గరికెళ్తే ఆయన ఏం తింటున్నావ్ అనలేదు, ఎన్నింటికి తింటున్నావ్, ఎన్నింటికి పడుకుంటున్నావ్ అన్నారు. నాది లేట్ షిఫ్ట్, పన్నెండున్నరకి భోజనం, వెంటనే పడక, ఐదు గంటలు నిద్రపోతే గొప్ప. అసలు తిరకాసు అక్కడుంది. పడుకునే టైమ్ దగ్గరపడేకొద్దీ మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ పెరుగుతుంది, అప్పుడు తింటే ఇన్సులిన్ సరిగ్గా రాదు, ఎంటీఎన్ఆర్1బీ అనే జీన్‌లో ఒక రకం ఉన్నవాళ్లకి ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. నాకు ఆ రకం ఉందో లేదో టెస్ట్ చేయించలేదు, అనవసరం అనిపించింది. నిద్ర సంగతికొస్తే, 1999లో ఆరోగ్యంగా ఉన్న 11 మంది కుర్రాళ్లని ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే వాళ్లకీ గ్లూకోజ్ దిగడం నెమ్మదించింది.

షిఫ్ట్ మార్పించుకుని, ఎనిమిదికల్లా తినేసి, ఏడు గంటలు పడుకోవడం మొదలుపెట్టాక ఆర్నెల్లకి 5.7. మధ్యలో నాలుగు కిలోలు కూడా తగ్గా కాబట్టి క్రెడిట్ మొత్తం నిద్రకే ఇవ్వను.

జీన్స్ ఉంటే లాభం లేదన్న మాటకొస్తే, 2002లో వచ్చిన అమెరికా స్టడీలో ప్రీడయాబెటిస్ వాళ్లు కొంచెం బరువు తగ్గి వారానికి 150 నిమిషాలు నడిస్తే షుగర్ రావడం 58 శాతం తగ్గింది, టీసీఎఫ్7ఎల్2 అనే రిస్క్ జీన్ ఉన్నవాళ్లకి కూడా అది పనిచేసింది.

మీరు గురక పెడతారో లేదో రాయలేదు. గట్టిగా పెడుతూ, పొద్దున లేచినా నిద్ర తీరనట్టుంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) ఏమోనని డాక్టర్‌ని అడగండి, దానికీ షుగర్‌కీ దగ్గరి చుట్టరికం.