భీమవరంలో రోజూ తిప్పే చిన్న స్పోర్ట్స్ కారుకి పెర్ఫార్మెన్స్ క్యామ్‌షాఫ్ట్‌లు వేయించవచ్చా?

వేయించవచ్చు, కానీ మరీ ఘాటైనవి వద్దండి. క్యామ్‌షాఫ్ట్ అంటే ఇంజన్ వాల్వులను తెరిచే కడ్డీ. పెర్ఫార్మెన్స్ రకాలు ఆ వాల్వులను ఎక్కువ ఎత్తుకి లేపి, ఎక్కువసేపు తెరిచి ఉంచుతాయి. దాంతో పై ఆర్‌పీఎంలో పవర్ పెరుగుతుంది, కింద లాగుడు తగ్గుతుంది. కాలవగట్టు మీద ధాన్యం ట్రాక్టర్ వెనక సెకండ్ గేర్‌లో పాకేటప్పుడు అది చాలా చికాకు.

అసలు టెన్షన్ వాల్వు పిస్టన్‌కి తగులుతుందేమోనని. పిస్టన్ మీద పిల్లలు ఆడుకునే క్లే ముద్ద పెట్టి, గ్యాస్కెట్‌తో హెడ్ (వాల్వులుండే ఇంజన్ పైభాగం) బిగించి, క్యామ్‌కీ క్రాంక్‌కీ (పిస్టన్లను కదిపే కడ్డీ) టైమింగ్ కలిపి, క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పించండి. విప్పాక క్లే బాగా పలచబడిన చోట మందం కొలవాలి. మామూలుగా ఇన్‌టేక్ (గాలి లోపలికొచ్చే) వైపు 1.5, ఎగ్జాస్ట్ (పొగ బయటికెళ్లే) వైపు 2 మిల్లీమీటర్లయినా ఉండాలి. క్యామ్ తయారీదారు ఇంకా ఎక్కువ చెబితే అదే పాటించండి. ఈ పని చేయనన్న మెకానిక్‌కి ఇంజన్ అప్పగించకండి.

గట్టి వాల్వ్ స్ప్రింగులు, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ట్యూనింగ్ ఖర్చు కూడా ముందే లెక్కేసుకోండి.