రైఫిల్ ఆనించే సంచి: ఖాళీగా తీసుకెళ్లి అక్కడ నింపుకోవాలంటే ఎలా కుట్టించాలి?

మీరు అడిగింది ఇదీ: అబ్బాయి గుంటూరులో ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్నాడు, బల్ల మీద ఆనించి సైట్లు (గురి చూసే అమరిక) సరిచూసుకోవడానికి, ఏ పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ గుండు) బాగా పడుతుందో చూసుకోవడానికి ఒక సంచి కావాలి, ఊరు మారినప్పుడు ఖాళీగా మడిచి తీసుకెళ్లి అక్కడ నింపుకునేలా ఉండాలి. ఏ గుడ్డ వాడాలి, లోపల ఏం పోయాలి అని రాశారు. నాకోసమూ, మాతో షూటింగ్ చేసే పిల్లల కోసమూ ఇలాంటివి చాలాకాలంగా విజయవాడ ఆటోనగర్‌లో సీటు కవర్లు కుట్టేవాళ్ల దగ్గర కుట్టిస్తున్నాను. గుడ్డ గురించీ ఇసుక గురించీ అందరూ గంటలకొద్దీ వాదిస్తారు. కానీ నింపుకునే సంచి పనికొస్తుందా రాదా అన్నది తేల్చేది దాని మూతి. అందుకే ముందు దాని సంగతే చెబుతాను.

టైలర్‌కి వదిలేస్తే జిప్పు పెడతాడు. చూడ్డానికి నీటుగా ఉంటుంది. నింపేటప్పుడు ఇసుక జిప్పు పళ్లలో పడుతుంది, ఆ తర్వాత రన్నర్ సగంలో బిగుసుకుపోతుంది, లాగితే గుడ్డ చిరుగుతుంది. సరే అని వెల్‌క్రో పెట్టిస్తే దాని ముళ్లలో దుమ్మూ పీచూ చేరి కొన్నాళ్లకి అంటుకోవడం మానేస్తుంది. నేను చెప్పి చేయించేది పొడవాటి గొట్టం మూతి. గొడుగు గుడ్డ లాంటి పల్చటి నైలాన్‌తో, పరిచినప్పుడు 8 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు ఉండేలా ఒక గొట్టం కుట్టి సంచికి కలపాలి. తెరిస్తే దాదాపు 5 సెంటీమీటర్ల గుండ్రం వస్తుంది. లీటరు నీళ్ల సీసాని సగానికి కోసి తలకిందులు చేస్తే అదే గరాటు, దాని మెడ ఇందులో సుఖంగా దూరుతుంది. నింపాక గొట్టాన్ని మెలితిప్పి, మూడు మడతలు వేసి, సంచి చివరనే కుట్టిన చిన్న జేబులోకి దోపెయ్యాలి. ఆ జేబు మీద వెల్‌క్రో రెక్క. అక్కడ వెల్‌క్రోకి ఇసుక తగలదు కాబట్టి ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

మూతి ఎక్కడ ఉండాలన్నది కూడా ముఖ్యమే. పైన ఉంటే ఆ మడతల ముద్ద రైఫిల్ కిందికి వస్తుంది, అడుగున ఉంటే సంచి బల్ల మీద ఊగుతుంది. ఎప్పుడూ చివరనే, అదీ షూటర్‌కి అవతలి వైపు.

ఇక ఆకారం. దిండులా ఒకే సంచి కుట్టిస్తే రైఫిల్ దాని నెత్తి మీద కూర్చుని పక్కలకి దొర్లుతుంది. దానికి బదులు, రైఫిల్ ముందు భాగం కింద పెట్టడానికి జంట సంచి చేయించండి. ఒక్కొక్కటి పరిచినప్పుడు 14 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల పొడవు. రెండింటినీ కలుపుతూ మధ్యలో 6 సెంటీమీటర్ల పట్టీ. రైఫిల్ ఆ పట్టీ మీద కూర్చోగానే దాని బరువుకి పట్టీ కిందికి దిగుతుంది, అటూ ఇటూ ఉన్న సంచులు లోపలికి వాలి స్టాక్‌ని, అంటే బ్యారెల్‌ని మోసే దిమ్మెని, పట్టుకుంటాయి. ఇక్కడ ఒక లెక్క టైలర్‌కి ముందే చెప్పాలి, లేకపోతే తేడా వచ్చేస్తుంది. 14 సెంటీమీటర్లు పరిచిన గుడ్డ వెడల్పు. నింపితే చుట్టుకొలత 28, దాన్ని 3.14తో భాగిస్తే సుమారు 9 సెంటీమీటర్ల లావు మాత్రమే వస్తుంది. పరిచిన కొలతే నింపాక కూడా వస్తుందనుకుని కుట్టినవి నా దగ్గరికి సరిచేయించమని వస్తూనే ఉంటాయి.

వెనక, బట్ (భుజానికి ఆనే చివర) కింద పెట్టేది వేరే చిన్న సంచి. పిడికిట్లో పట్టేంత, అర లీటరుకి కాస్త పైన. ఇది ఆనుకోవడానికి మాత్రమే కాదు, గురి ఎత్తు సవరించేది కూడా ఇదే. ఎడమ చేత్తో నొక్కితే సంచి పైకి ఉబ్బుతుంది, బట్ లేస్తుంది, గురి కిందికి దిగుతుంది. వదిలితే గురి పైకి పోతుంది. ముందు ఆనిక నుంచి వెనక ఆనికకి 60 సెంటీమీటర్లు ఉందనుకోండి. బట్ 1 మిల్లీమీటరు లేస్తే 10 మీటర్ల దూరంలో గురి దాదాపు 17 మిల్లీమీటర్లు జారుతుంది. ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో 10 అంటే అర మిల్లీమీటరు చుక్క. పాయింటుకీ పాయింటుకీ మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లు. మొత్తం టార్గెటే 45.5 మిల్లీమీటర్లు. అంటే వెనక సంచి ఒక్క మిల్లీమీటరు కుంగిందా, ఆరు పాయింట్లు పోయినట్టే. జనం ముందు సంచి మీద డబ్బులు పోసి, వెనక ఏదో టవల్ మడిచి పెడతారు. నన్నడిగితే ఖర్చూ శ్రద్ధా వెనక సంచి మీదే పెట్టాలి.

ఏం పోయాలి? ముందు సంచికి ఇసుకే. కృష్ణా ఇసుకకి మన దగ్గర కొదవలేదు, కానీ తెచ్చింది తెచ్చినట్టు పోయకండి. మెత్తటి దోమతెర గుడ్డలో జల్లించి, మట్టి పోయేదాకా కడిగి, ఎండాకాలంలో మేడ మీద టార్పాలిన్ పరిచి ఆరబెట్టాలి. మన మే నెల ఎండకి రెండో రోజుకే గలగలలాడుతుంది. కడగని ఇసుకలోని మెత్తటి మట్టి గుడ్డలోంచి బయటికొచ్చి రైఫిల్ ట్రిగ్గర్‌లోకి చేరుతుంది, అది పెద్ద తలనొప్పి. తడి ఇసుక ఇంకా ఘోరం: పోసిన రోజు గట్టిగా ఉంటుంది, ఆరాక కుంగుతుంది, గుడ్డకి బూజు పడుతుంది. పొడి ఇసుక లీటరు సుమారు కిలోన్నర పైమాటే. జంట సంచి నాలుగు కిలోల దగ్గరికి వస్తుంది. బల్ల మీద కదలకుండా కూర్చోవడానికి అంత బరువు కావాలి.

బియ్యం లీటరుకి 800 గ్రాములు తూగుతాయి, చేతికి బాగుంటాయి, చక్కగా సర్దుకుంటాయి. కానీ పురుగు పడతాయి, ఎలుక కొరుకుతుంది. గుంటూరులో ఉన్నారు కాబట్టి జిన్నింగ్ మిల్లు నుంచి పత్తి గింజలు తెచ్చి పొయ్యొచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు. గింజ మీద నూగు ఉంటుంది కాబట్టి జారకుండా ఒకదానికొకటి పట్టుకుంటాయి, ఆ మాట నిజమే. కానీ నూనె గింజ కదా, ఎలుకలు బియ్యం కన్నా ముందు దాని దగ్గరికే వస్తాయి. ఊక గుచ్చుకుంటుంది, దుమ్ము రాలుతుంది, వద్దు. బీన్ బ్యాగుల్లో పోసే థర్మోకోల్ పూసలు తేలికే, కానీ అవి నొక్కితే మళ్లీ లేస్తాయి. ఆనిక అన్నది పడుకోబెడితే పడుకోవాలి, స్ప్రింగులా లేవకూడదు. వెనక సంచికి నేను వాడేది ప్లాస్టిక్ దానా, పైపులు, బకెట్లు చేసేవాళ్లు వాడే ముడి గింజ. లీటరు అర కిలో పైచిలుకు. పురుగు రాదు, తడిస్తే ఆరబెట్టుకోవచ్చు, నొక్కితే నొక్కినట్టు ఉంటుంది.

ఎంత నింపాలంటే, ముక్కాలు కన్నా కాస్త ఎక్కువ. అరచేతి అంచుతో సంచి మీద గట్టిగా ఒక్కటి వెయ్యండి. పడిన గాడి చెయ్యి తీశాక కూడా అలాగే ఉంటే సరిపోయింది. గాడి పడకపోతే ఎక్కువైంది, రైఫిల్ దాని మీద జారుతుంది. చెయ్యి అడుగు దాకా దిగిపోతే తక్కువైంది. కుదిరిందనుకున్నాక లోపలిది వంటింటి కాటా మీద తూచి, ఆ అంకె మార్కర్‌తో వెల్‌క్రో రెక్క లోపలి వైపు రాసుకోండి. వేరే ఊళ్లో నింపేటప్పుడు అదే బరువు పోస్తే చాలు. మరో మాట, ఖాళీగా తీసుకెళ్లాల్సింది ముందు సంచి ఒక్కటే. వెనకది మూడు నాలుగు వందల గ్రాములే, నింపినదే బ్యాగులో పడేసుకోండి.

గుడ్డ సంగతి త్వరగా చెప్పేస్తాను. పైకి బడి బ్యాగులు కుట్టే మందపాటి నైలాన్ గానీ, కాన్వాస్ గానీ. రెక్సిన్ ఆటోనగర్‌లో చవగ్గా దొరుకుతుంది, కుట్టేవాళ్లూ దాన్నే అంటగట్టాలని చూస్తారు. మన ఎండకి అది జిగురెక్కి రైఫిల్‌ని అంటుకుంటుంది, పేల్చిన ప్రతిసారీ రైఫిల్ ఒకేలా వెనక్కి జారదు. అడుగున మాత్రం రెక్సిన్ వెయ్యొచ్చు, బల్లని పట్టుకుంటుంది. మధ్య పట్టీ మీద మెత్తటి స్వెడ్ తోలు ముక్క వేయిస్తే బాగుంటుంది. లోపల, ఇసుకకి, దట్టంగా నేసిన కాటన్ ట్విల్‌తో విడిగా ఒక సంచి ఉండాలి. గొట్టం మూతి దానికే కుట్టాలి, అప్పుడు పై గుడ్డ విప్పి ఉతుక్కోవచ్చు.

కుట్టేవాడితో చెప్పాల్సినవి మూడే. మూలలు గుండ్రంగా తిప్పాలి, ఎందుకంటే ఇసుక బరువంతా చదరపు మూలలోకే చేరి అక్కడే పగులుతుంది. దారం కాటన్ వద్దు, సీట్లకి వాడే నైలాన్ దారం. లోపల్నుంచి ఒక కుట్టు వేసి, తిప్పి, అంచుకి మళ్లీ రెండో కుట్టు. సీటు కవర్ల వాళ్లకి ఇవి చెప్పీ చెప్పకముందే అర్థమవుతాయి. బట్టల టైలర్ మిషన్ మీద మాత్రం అంత మందం గుడ్డకి సూది విరుగుతుంది.

వాడేటప్పుడు జాగ్రత్తలు. సంచి మీద ఆనాల్సింది స్టాక్ మాత్రమే. బ్యారెల్ ఆనిస్తే పెల్లెట్ పడే చోటే మారిపోతుంది. అబ్బాయిది స్ప్రింగ్ రైఫిల్ అయితే, పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లో ఉండగానే లోపల పిస్టన్ పరిగెత్తి రైఫిల్‌ని వెనక్కీ ముందుకీ తంతుంది. గట్టి ఇసుక సంచిలో దాన్ని బిగించి పెడితే గురి ఎక్కడికో పోతుంది. అలాంటప్పుడు సంచి మీద అరచెయ్యి వెల్లకిలా పెట్టి, దాని మీద రైఫిల్ వదులుగా ఉంచాలి. గాలి నింపుకునే పీసీపీకి ఆ బెడద లేదు, నేరుగా ఆనించొచ్చు. స్కోప్ ఉంటే ఇంకో ప్రమాదం: కన్ను చూసే గీత బ్యారెల్ కన్నా నాలుగైదు సెంటీమీటర్ల పైన ఉంటుంది. స్కోప్‌లో టార్గెట్ శుభ్రంగా కనిపిస్తూనే, మజిల్ (బ్యారెల్ కొన) ముందు సంచి అంచో బల్ల చెక్కో అడ్డం ఉండొచ్చు. పేల్చే ముందు పక్కనుంచి ఒకసారి చూడమనండి. సంచి సర్దేటప్పుడు రైఫిల్ ఖాళీగా ఉండాలి, వేలు ట్రిగ్గర్ బయట ఉండాలి. ఇందులో ఎవరికీ మినహాయింపు లేదు, కోచ్‌కి కూడా.

చివరగా, ఇదే సంచి పోటీలో వాడొచ్చా అని కూడా రాశారు. వాడకూడదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నిలబడి, ఏ ఆనికా లేకుండా పేల్చాలి. సంచి ఇంటి దగ్గర, సాధనలో సైట్ల కోసం, ట్రిగ్గర్ అలవాటు చేసుకోవడం కోసం మాత్రమే. కానీ అబ్బాయి రేపు 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌కి (మోకాలి మీద, పడుకుని, నిలబడి పేల్చే పోటీ) వెళ్తే ఇలాంటిదే మరోటి నిబంధనల ప్రకారమే కావాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచింది ఆ ఈవెంట్‌లోనే. అందులో మోకాలి మీద కూర్చుని పేల్చేటప్పుడు మడత పడిన పాదం కింద గుండ్రటి రోల్ ఒకటి పెట్టుకోనిస్తారు. 25 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల లావు మించకూడదు, మెత్తటి గుడ్డతో ఉండాలి, పట్టీలు బిగించి ఆకారం మార్చకూడదు.

ఆ కొలతకి నిండా ఇసుక పోస్తే పది కిలోలు తూగుతుంది, పాదానికి రాయిలా తగులుతుంది. అక్కడ దానా మేలు. ఎత్తు పాదానికి కుదిరేదాకా గుప్పెడు తీస్తూ గుప్పెడు పోస్తూ ఉండాలి కాబట్టి గొట్టం మూతి విలువ అక్కడే బాగా తెలుస్తుంది. దీనికి మూతి రోల్ చివరని మూసే గుండ్రటి బిళ్లలో ఉండాలి. 18కి సరిగ్గా కుట్టించొద్దు, కూర్చుంటే ఉబ్బుతుంది. 17 లావుకి చుట్టుకొలత 53.4, రెండు వైపులా కుట్టుకి కలిపి 56.5 సెంటీమీటర్ల గుడ్డ కొయ్యమనండి. పొడవు 23 చాలు, రెండు బిళ్లలూ బయటికి పొంగుతాయి. అట్టముక్కలో 18 సెంటీమీటర్ల గుండ్రటి కన్నం కోసి ఇంట్లో ఉంచుకోండి. నింపిన రోల్ అందులోంచి నొక్కకుండా దూరితే పరికరాల తనిఖీ దగ్గర టెన్షన్ ఉండదు.